మార్కులున్నా నామినేషన్ ఎందుకు రాదు?

ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాముల అర్హత గురించి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. ఒక విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విభాగంలో చాలా ఏళ్లు నామినేషన్ ఫైళ్లు, అంటే ఎక్స్ఛేంజ్‌కి పంపే వాళ్ల పేర్లను విదేశీ సంస్థకు ప్రతిపాదించే కాగితాలు, చూసినదాన్ని. అందుకే ముగ్గురికీ ముందుగా ఒక మాట చెబుతాను. మీ ప్రతిభ గురించి ఆలోచించే ముందు మీ విశ్వవిద్యాలయం దగ్గరున్న కాగితాల గురించి అడగండి.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం విద్యార్థినిని. మొదటి నుంచీ మంచి మార్కులే. యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ప్లస్ ఎక్స్ఛేంజ్ కార్యక్రమం కింద ఒక సెమిస్టర్ యూరప్‌లో చదవాలని, నాకు నచ్చిన యూనివర్సిటీకి నేరుగా మెయిల్ పెట్టాను. ‘మీ సంస్థతో మాకు ఒప్పందం లేదు’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. నాకన్నా తక్కువ మార్కులున్న నా స్నేహితురాలు వేరే కాలేజీ నుంచి అక్కడికే వెళ్తోంది. ఇదేం న్యాయం?

జవాబు: మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఆ మెయిల్ మీ చదువు మీద తీర్పు కాదు. ఎక్స్ఛేంజ్‌కి వెళ్లేది విద్యార్థే అయినా పంపేది విశ్వవిద్యాలయం. ఎరాస్మస్ 1987లో మొదలైనప్పటి నుంచీ ఈ పద్ధతి సంస్థల మధ్య ఏర్పాటు మీదే నడుస్తోంది. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. రెండు సంస్థలూ ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ఆ తర్వాతే మీ మార్కులు, మీ భాషాస్థాయి, మీరు రాసే ఉద్దేశపత్రం లెక్కలోకి వస్తాయి.

ఆ ఒప్పందంలో ఒక పట్టిక ఉంటుంది. దాన్ని ఒకసారి చూపించమని మీ అంతర్జాతీయ విభాగాన్ని అడగండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ సబ్జెక్టు, ఏ స్థాయి, ఎందరు, మొత్తం ఎన్ని నెలలు అని అందులో రాసి ఉంటుంది. ‘కెమిస్ట్రీ, డిగ్రీ స్థాయి, ఇద్దరు, పది నెలలు’ అని ఉందనుకోండి. ఎమ్మెస్సీలో మీరే ఫస్ట్ వచ్చినా ఆ వరుసలో మీకు చోటు లేదు. మెరికల్లాంటి పిల్లల దరఖాస్తులు ఈ ఒక్క గడి దగ్గర ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. ఏ స్థాయి వాళ్లకు అవకాశముందో నోటీసు బోర్డులో మొదటి లైన్లోనే రాస్తే ఆ పిల్లలకు అంత టెన్షన్ ఉండేది కాదు.

మీరు రెండో సంవత్సరంలో ఉన్నారు కాబట్టి ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. అక్కడ చదివే కాలమంతా ఇక్కడ మీ పేరు రోల్స్‌లో ఉండాలి. చదువు కోసమైతే కనీసం రెండు నెలలు ఉండాలి. ఈలోపు డిగ్రీ చేతికొచ్చేస్తే చదువు పేరుతో వెళ్లడం కుదరదు. ఇంటర్న్‌షిప్‌కి మాత్రం కొంత వెసులుబాటు ఉంది. చివరి సంవత్సరంలో ఉండగానే మీ విశ్వవిద్యాలయం మిమ్మల్ని ఎంపిక చేసి ఉంటే, పట్టా వచ్చాక ఏడాదిలోపు పూర్తిచేసుకోవచ్చు. దానికీ ఆ సంస్థల మధ్య ఏర్పాటు ఉండాలి.

ఒప్పందం ఉందని తేలితే మీ శ్రద్ధంతా లెర్నింగ్ అగ్రిమెంట్ మీద పెట్టండి. అందులో ‘ఏ’ పట్టికలో అక్కడ చదివే పేపర్లు రాయాలి. వాటికి బదులుగా ఇక్కడ మాఫీ అయ్యే పేపర్లు ‘బి’ పట్టికలో రావాలి. మీరు, పంపే సంస్థ, చేర్చుకునే సంస్థ, మూడు సంతకాలూ బయల్దేరే ముందే పడాలి. యూరప్ లెక్కలో పూర్తి సెమిస్టర్ అంటే 30 క్రెడిట్లు. ‘బి’ పట్టిక ఖాళీగా వదిలేసి ‘వచ్చాక చూద్దాంలే’ అనే మాట ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. తిరిగొచ్చి అవే పరీక్షలు మళ్లీ రాసిన పిల్లల్ని నాకు తెలుసు. ఫీజు సంగతి కూడా చెప్తాను. అక్కడ ట్యూషన్ ఫీజు అడగకూడదు. ఇన్సూరెన్స్, విద్యార్థి సంఘం వంటి చిన్న రుసుములు ఉండొచ్చు. మీ సొంత సంస్థ మాత్రం మామూలు ఫీజు వసూలు చేయవచ్చు.

మీ సంస్థకు ఒప్పందమే లేకపోతే, ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్ చూడండి. ఇది ఎక్స్ఛేంజ్ కాదు, పూర్తి పీజీ. మీ విశ్వవిద్యాలయం నామినేట్ చేయనక్కర్లేదు, మీరే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలు ఇస్తారు. ఒక పీజీ అయ్యాక ఇంకో పీజీకి ఓపిక ఉందా అన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి.

ప్రశ్న: నేను కాంట్రాక్ట్ లెక్చరర్‌ని, పీహెచ్‌డీ కూడా చేస్తున్నాను. ఎరాస్మస్ ప్లస్ కింద వారం రోజులు విదేశంలో పాఠాలు చెప్పే అవకాశం ఉందని విన్నాను. పర్మనెంట్ ఫ్యాకల్టీకే ఇస్తారా? అదే ఊళ్లో ఒక కాన్ఫరెన్స్ కూడా ఉంది.

జవాబు: పర్మనెంటేనా అన్నది కాదు, పంపే సంస్థలో మీరు ఉద్యోగి అవునా కాదా అన్నదే చూస్తారు. మీ కాంట్రాక్ట్ వెళ్లే తేదీల్లో అమల్లో ఉండాలి. రెన్యువల్ ఆర్డరు ఆలస్యమయ్యే చోట ఇదే పెద్ద చిక్కు, కాబట్టి ముందు ఆ కాగితం చేతికి తెచ్చుకోండి. యూనియన్ బయటి దేశాల నుంచి వెళ్లే సిబ్బంది ప్రయాణం కాకుండా కనీసం 5 రోజులు, గరిష్ఠంగా 2 నెలలు ఉండొచ్చు. బోధనకైతే వారానికి కనీసం 8 గంటలు పాఠం చెప్పాలి. దాంతోపాటు శిక్షణ కూడా కలిపి పెట్టుకుంటే 4 గంటలు చాలు. కాన్ఫరెన్స్‌కి హాజరవడాన్ని మాత్రం శిక్షణగా లెక్కించరు. దాని మీద ఆశ పెట్టుకుని ప్లాన్ వేసుకోకండి.

పీహెచ్‌డీ విద్యార్థిగా వెళ్లే దారి కూడా మీకు తెరిచే ఉంది. ల్యాబ్ పనో, ఆర్కైవ్ పనో ఉంటే 5 నుంచి 30 రోజుల చిన్న మొబిలిటీ (విదేశీ సంస్థలో గడిపే కాలాన్ని ఇలా అంటారు) మీకు ఎక్కువ ఉపయోగం. ఒక్క ప్రయాణానికి రెండు హోదాలూ వాడుకోవడం కుదరదు కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోండి. అన్నట్టు, శిక్షణ కోసం వెళ్లే అవకాశం లైబ్రరీ, పరీక్షల విభాగం, ఆఫీసు సిబ్బందికీ ఉంది. ఈ మాట వాళ్లదాకా చేరడమే లేదు. మీ కాలేజీలో దయచేసి చెప్పండి.

ప్రశ్న: డిగ్రీలో ఉండగా అయిదు నెలలు ఎరాస్మస్ ప్లస్‌లో వెళ్లొచ్చాను. ఇప్పుడు పీజీ. మళ్లీ వెళ్లొచ్చా? నాకు 34 ఏళ్లు.

జవాబు: వెళ్లొచ్చు. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ ఒక్కో స్థాయికీ 12 నెలల చొప్పున విడివిడిగా లెక్కిస్తారు. మెడిసిన్‌లా ఒకే విడతగా సాగే కోర్సులకు 24 నెలలు. డిగ్రీలో వాడుకున్న అయిదు నెలలు పీజీ ఖాతాలోకి రావు. వయోపరిమితి కూడా లేదు. దరఖాస్తులో పాత మొబిలిటీ తేదీలు రాయమంటారు, అవి దాచకుండా రాయండి. కొన్ని సంస్థలు ఇదివరకు వెళ్లని వాళ్లకు ప్రాధాన్యమిస్తాయి కాబట్టి, ఎంపిక ప్రమాణాల్లో అది ఉందేమో ముందే అడిగి తెలుసుకోండి.