నాలుగు రోజుల వైజాగ్–అరకు షూట్: ఫుటేజీ బ్యాకప్‌కి ఒక్క హార్డ్ డిస్క్ సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: ఆర్కే బీచ్, భీమిలి, ఆ తర్వాత అరకు కలిపి నాలుగు రోజుల షార్ట్ ఫిల్మ్ షూట్. ఐదుగురు మనుషులు, ఒక మిర్రర్‌లెస్ కెమెరా, ఒక డ్రోన్, రెండు 128 జీబీ కార్డులు, ఒక లాప్‌టాప్, ఒక 2 టీబీ హార్డ్ డిస్క్. రోజూ రాత్రి రూముకి వెళ్లాక డిస్కులోకి కాపీ చేసుకొని, కార్డులు ఖాళీ చేసి మర్నాడు మళ్లీ వాడుకుంటే సరిపోదా అని.

సరిపోదు. ఇంకో డిస్కు, ఇంకో రెండు మూడు కార్డులు కావాలి. అయితే సామాన్ల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ ఐదుగురిలో కార్డు ఫార్మాట్ కొట్టే, అంటే అందులో ఉన్నదంతా చెరిపేసే మనిషి ఎవరు?

నేను వైజాగ్‌లో పెళ్లి వీడియోలకీ, చిన్న యాడ్‌లకీ, అప్పుడప్పుడు హైదరాబాద్ నుంచి దిగే యూనిట్లకీ డేటా చూస్తుంటాను. నిండిన కార్డు తీసుకోవడం, డంప్ చేయడం (డిస్కులోకి కాపీ చేయడం), సరిచూడటం, ఖాళీ కార్డు మళ్లీ కెమెరా వాళ్ల చేతిలో పెట్టడం, ఇదే పని. నేను చూసినంతలో డిస్కు చచ్చిపోయి ఫుటేజీ పోవడం తక్కువ. డంప్ కాని కార్డుని అయిపోయిందనుకొని ఫార్మాట్ కొట్టేయడమే ఎక్కువ. రుషికొండలో సూర్యోదయం తీస్తున్నారనుకోండి. నీళ్లలోంచి సూర్యుడు పైకి లేచేటప్పటి ఆ ఎర్రటి వెలుగు ఉండేది కాసేపే. సరిగ్గా అప్పుడే కెమెరామన్ "కార్డు ఫుల్, ఇంకోటివ్వండి" అని కేకేస్తాడు. అసిస్టెంట్ జేబులో రెండు కార్డులు, రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి. ఒకటి తీసిస్తాడు. కెమెరాలో పెట్టగానే పాత క్లిప్పులు కనబడతాయి. "నిన్నటివిలే, రాత్రి డంప్ చేసేశాం కదా" అని ఎవరో అంటారు. ఎవరన్నారో తర్వాత ఎవరికీ గుర్తుండదు.

అందుకని ఫార్మాట్ కొట్టడం డేటా చూసే మనిషి ఒక్కడి పని అని మొదటి రోజే అందరి ముందూ చెప్పేయండి. దర్శకుడికి కూడా ఆ హక్కు ఇవ్వకండి. కార్డులు జేబుల్లో తిరగకూడదు, చిన్న కార్డు వాలెట్ ఒకటి కొనుక్కోండి. ఖాళీ కార్డుకి పేరు పైకి కనబడాలి, షూట్ చేసిన కార్డుని బోర్లించి పెట్టాలి. ఎస్‌డీ కార్డుకి ఎడమ అంచున చిన్న మీట ఉంటుంది చూడండి, నిండిన కార్డు కెమెరాలోంచి బయటికి రాగానే గోటితో దాన్ని కిందికి జరిపేయండి. లాక్ పడ్డ కార్డుని పొరపాటున మళ్లీ కెమెరాలో పెట్టినా రికార్డూ అవదు, ఫార్మాటూ అవదు. డ్రోన్‌లో వేసే మైక్రో కార్డుకి ఈ మీట ఉండదు కాబట్టి వాటికి వేరే డబ్బా పెట్టుకోండి. కార్డులకి నంబర్లు వేసేటప్పుడు స్టిక్కర్లు అంటించొద్దు, ఎండకి జిగురు కరిగి స్లాట్‌లో ఇరుక్కుంటాయి. పర్మనెంట్ మార్కర్‌తో కార్డు మీదే రాసేయండి.

ఇక లెక్క. 4కె వీడియో 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్లు) తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది. అంటే 128 జీబీ కార్డులో రెండున్నర గంటల పైచిలుకు పడుతుంది. షార్ట్ ఫిల్మ్‌కి రోజుకి రెండు గంటల ఫుటేజీ అనుకున్నా, డ్రోన్ షాట్లతో కలిపి నాలుగు రోజులకి 500 జీబీ దాటకపోవచ్చు. కాబట్టి మీ 2 టీబీ డిస్కులో చోటుకి ఇబ్బంది లేదు. కాపీ ఒక్కటే ఉండటమే ఇబ్బంది. ఎక్కడైనా ఒక్క కాపీ మాత్రమే ఉంటే దాన్ని బ్యాకప్ అనరు.

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి మీరు వినే ఉంటారు: మూడు కాపీలు, రెండు రకాల మీడియా, అందులో ఒకటి వేరే చోట. స్టూడియోలో కూర్చున్నవాళ్లకి అది తేలిక. అరకు ఘాట్‌లో దాన్ని ఇలా మార్చుకోవచ్చు. కార్డే ఒక కాపీ, పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్కు) రెండోది, మీ హార్డ్ డిస్క్ మూడోది. దీని కోసమే ఎక్కువ కార్డులు కొనమన్నాను. కార్డులు నాలుగైదు ఉంటే ఈ షూట్ మొత్తానికి అసలు ఫార్మాట్ కొట్టాల్సిన అవసరమే రాకపోవచ్చు. అప్పుడు పైన చెప్పిన గొడవంతా లేనట్టే. అంత బడ్జెట్ లేదంటే, కనీసం రెండు డిస్కుల్లోనూ ఉందని సరిచూసుకున్నాకే కార్డు ఖాళీ చేయండి. ఖాళీ చేయడమంటే కెమెరాలో ఫార్మాట్ చేయడం, లాప్‌టాప్‌లో డిలీట్ చేయడం కాదు.

రెండు డిస్కులు ఒకే బ్యాగులో వద్దు. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. బీచ్ రోడ్డులో కారు పార్క్ చేసి షాట్ తీసి వచ్చేసరికి అద్దం పగిలి ఉంటే, ఆ బ్యాగులో మూడు డిస్కులున్నా ఒక్కటే, ముప్పై ఉన్నా ఒక్కటే. ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే బండిలో వచ్చేవాళ్ల దగ్గర ఉంచండి. మీలో ఎవరైనా అరకు నుంచి కిరండూల్ రైల్లో ముందుగా వైజాగ్ వచ్చేస్తుంటే ఒక డిస్కు వాళ్లకిచ్చి పంపేయండి, ఇంకా మంచిది.

కాపీ చేసే పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్తాను. క్లిప్పులు మాత్రం ఏరుకొని లాగేయకండి. కార్డులో ఉన్న మొత్తం ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టుగా రావాలి. ఉదాహరణకి సోనీ కెమెరాల్లో ప్రైవేట్ అనే ఫోల్డర్‌లో ఎం4రూట్ ఉంటుంది, దానిలో క్లిప్పులూ వాటి వివరాల ఫైళ్లూ ఉంటాయి. ఆ చిన్న ఫైళ్లు ఎందుకులే అని వదిలేస్తే తర్వాత ఎడిటింగ్‌లో తలనొప్పి. డిస్కులో ప్రతి కార్డుకీ ఒక ఫోల్డర్: రోజు, కెమెరా, కార్డు నంబరు. రెండో డిస్కుకి కూడా కార్డులోంచే కాపీ చేయాలి. మొదటి డిస్కులోంచి చేస్తే, మొదటి కాపీలో తప్పు పడి ఉంటే అది రెండోదానికీ అంటుకుంటుంది.

సైజు సరిపోయింది కదా అని ఊరుకోకండి. ఫైల్ మధ్యలో పాడైనా సైజు అంతే చూపించవచ్చు. చెక్‌సమ్‌తో, అంటే ఫైల్‌లోని డేటా మొత్తం నుంచి లెక్కగట్టిన ఒక గుర్తింపు సంఖ్యతో, అసలునీ కాపీనీ సరిచూసే సాఫ్ట్‌వేర్ వాడాలి. పెద్ద యూనిట్లలో ఆఫ్‌షూట్, షాట్‌పుట్ ప్రో లాంటివి వాడతారు, వాటికి డబ్బు కట్టాలి. మీకు అక్కర్లేదు. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే మీడియా పేజీలో క్లోన్ టూల్ ఉంది. ఒకేసారి రెండు డిస్కుల్లోకి కాపీ చేసి, సరిచూసి పెడుతుంది. విండోస్‌లో టెరాకాపీ వాడేవాళ్లు వెరిఫై ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. అంతా అయ్యాక కూడా ప్రతి కార్డు నుంచి మొదటిది, మధ్యలోది, చివరిది డిస్కులోంచి తెరిచి, క్లిప్పు చివరిదాకా జరిపి చూడండి. నాకు ఆ చూపు పడితేగానీ నిద్ర పట్టదు.

టైమ్ ఎంత పడుతుందంటే, మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ చొప్పున రాస్తుందనుకుంటే నిండిన 128 జీబీ కార్డుకి ఇరవై నిమిషాల పైమాట, సరిచూడటానికి మళ్లీ దాదాపు అంత. పాత యూఎస్‌బీ 2 రీడర్ అయితే కాపీకే గంట. అందుకే లాప్‌టాప్‌కి ఉన్న స్లాట్‌ని నమ్ముకోకుండా మంచి యూఎస్‌బీ 3 రీడర్ కొనుక్కోండి. అంతా రాత్రికే పెట్టుకుంటే అలసిపోయిన కళ్లతో పొరపాట్లు జరుగుతాయి. మధ్యాహ్నం భోజనం టైములో ఒక కార్డు, ప్యాకప్ అయ్యాక ఒక కార్డు, ఇలా సర్దుకోండి.

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు బండిలో ఖాళీగా కూర్చున్నాం కదా అని హార్డ్ డిస్క్ పెట్టి డంప్ మొదలెట్టకండి. లోపల పళ్లేలు తిరుగుతుంటాయి, వాటికి వెంట్రుకవాసి దూరంలో హెడ్ ఉంటుంది. మలుపుల్లో, గుంతల్లో ఆ కుదుపు దానికి పడదు. ఎస్‌ఎస్‌డీకి ఆ భయం లేదు గానీ, కేబుల్ మధ్యలో ఊడిపోవడం దానికీ ప్రమాదమే. ఈ డిస్కుల్ని ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి వాడతాం, దానికి జర్నలింగ్ (రాసే మార్పుల్ని ముందే నమోదు చేసుకునే రక్షణ) లేదు. రాస్తుండగా కనెక్షన్ తెగితే ఫోల్డర్లే కనిపించకుండా పోవచ్చు. బండి ఆగాకే పని పెట్టుకోండి, ఎప్పుడైనా సరే ఎజెక్ట్ కొట్టాకే కేబుల్ తీయండి. అరకులో గాలో వానో వస్తే కరెంటు పోవడం మామూలే కాబట్టి లాప్‌టాప్ చార్జింగ్ ఫుల్ ఉన్నప్పుడే డంప్ మొదలెట్టండి.

బీచ్‌లో ఇంకో టెన్షన్ ఉప్పుగాలి, ఇసుక. ఏసీ కారులోంచి దిగి వెంటనే కెమెరా తెరిస్తే వైజాగ్ ఉక్కకి లెన్స్ మీదే కాదు, కనెక్టర్ల మీదా తేమ పడుతుంది. పావుగంట బ్యాగులోనే ఉంచి తీయండి. డిస్కులు జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. బొర్రా గుహల్లో తీస్తే పైనుంచి నీళ్లు చుక్కలు పడుతుంటాయి, లోపల కార్డు మార్చాల్సిన అవసరం రాకుండా ఖాళీ కార్డుతో వెళ్లండి.

క్లౌడ్ సంగతి అరకులో మర్చిపోండి. వైజాగ్‌లో ఫైబర్ ఉన్న ఇంటి నుంచి, అప్‌లోడ్ నిజంగా 50 ఎంబీపీఎస్ వస్తే, 100 జీబీకి నాలుగున్నర గంటలు. ఒక రాత్రి పని. ముఖ్యమైన టేకులు మాత్రం ఎక్కించుకుంటే చాలు.

ఒకవేళ తప్పు కార్డు ఫార్మాట్ అయిపోతే, ఆ క్షణం నుంచి దాని మీద ఒక్క ఫ్రేమ్ కూడా రికార్డ్ చేయకండి. లాక్ వేసి పక్కన పెట్టేయండి. మామూలు ఫార్మాట్‌లో చాలావరకు ఫైళ్ల జాబితా మాత్రమే చెరుగుతుంది, డేటా దాని మీద కొత్తది రాసేదాకా ఉంటుంది. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించవచ్చు, అన్నీ వస్తాయన్న గ్యారంటీ లేదు. కొత్త కార్డులు కొంటే షూట్‌కి ముందే ఒకసారి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కార్డు పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో నింపి చూడండి. పైన 256 అని రాసి లోపల 32 ఉండే నకిలీలు మార్కెట్లో తిరుగుతున్నాయి.

మీరు అడగలేదు గానీ డ్రోన్ గురించి ఒక మాట. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే, నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగా కూడా ఇక్కడే ఉంది. డిజిటల్ స్కై మ్యాప్‌లో (ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన మ్యాప్) రెడ్ జోన్, అంటే అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు, ఏదో చూసుకోకుండా ఆర్కే బీచ్‌లో ఎగరేయకండి. ఆ షాట్లు భీమిలి వైపు పెట్టుకుందామన్నా అక్కడి జోన్ కూడా అదే మ్యాప్‌లో చూసుకోవాల్సిందే.

కెమెరా అద్దెకి తెస్తుంటే కెమెరా ఒక్కటే తెచ్చుకోండి, కార్డులు మాత్రం సొంతవి వాడండి. అద్దె కార్డులైతే షూట్ అయిన మర్నాడే తిరిగివ్వాలి, అప్పుడు మూడో కాపీ పోయినట్టే. మీ కెమెరా మోడల్ కామెంట్‌లో చెప్తే వి30 కార్డు సరిపోతుందో, వి60 (అంతకంటే వేగంగా రాసే కార్డు) కావాలో చూసి చెప్తాను.