ఏడో బౌలర్ పేరు చెప్పు, పట్టిక తర్వాత వేద్దాం

అల్లుడూ,

నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ అత్తయ్య పక్కనే కూర్చుని నవ్వుతుంటే ఏదీ సరిగా చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మీ నాటింగ్‌హమ్ ఆఫీసులో కౌంటీ సీజన్ (ఇక్కడి దేశవాళీ నాలుగు రోజుల క్రికెట్) మొదలయ్యే ముందు, చివరికి ఏ జట్టు ఎన్నో స్థానంలో నిలుస్తుందో అందరూ వరసగా పేర్చి తలా ఐదు పౌండ్లు పందెం కాస్తారని, ఇండియా నుంచి వచ్చావు కాబట్టి క్రికెట్ నీకే బాగా తెలిసుంటుందని వాళ్లంతా నమ్ముతున్నారని, నీకేమో టెన్షన్‌గా ఉందని అన్నావు. టెన్షన్ పడాల్సిందే. ఐపీఎల్ చూసిన కళ్లతో కౌంటీ పట్టిక వేస్తే ఐదు పౌండ్లూ పోతాయి, పైగా సెప్టెంబరు దాకా లంచ్ దగ్గర ఆటపట్టిస్తారు. బర్మింగ్‌హమ్‌లో వార్విక్‌షైర్ ఆడే ఎడ్జ్‌బాస్టన్ మైదానం మెట్లు ముప్పై ఏళ్లుగా ఎక్కి దిగుతున్నాను, ఇలాంటి పందేలు గెలిచిన దానికన్నా ఓడిందే ఎక్కువ, కాబట్టి నా మాటకు కాస్త విలువ ఉంటుందనుకుంటాను.

ముందు లెక్క చూసుకో. మొత్తం 18 కౌంటీలు, మొదటి డివిజన్‌లో 10, రెండో దాంట్లో 8. ఒక్కో జట్టుకు నాలుగు రోజుల మ్యాచ్‌లు 14. గెలిస్తే 16 పాయింట్లు, డ్రా అయితే 8. ఇవి కాక బ్యాటింగ్ బోనస్ 5 దాకా, బౌలింగ్ బోనస్ 3 దాకా వస్తాయి. ఈ బోనస్ లెక్క చూసి ఓహో బ్యాటింగే ముఖ్యం కాబోలు అనుకునేవాళ్లు చాలామంది, వాళ్లంతా పట్టికలో కొట్టుకుపోతారు. నువ్వు ఐదు వందలు కొట్టినా సరే, అవతలివాళ్ల ఇరవై వికెట్లు తీయలేకపోతే ఆ ఎనిమిది దగ్గరే ఆగిపోతావు. 2022లో మన పుజారా ససెక్స్‌కు ఆడాడు చూడు, ఎనిమిది మ్యాచ్‌ల్లో 1094 పరుగులు, అందులో మూడు డబుల్ సెంచరీలు, అంతకంటే ఒక మనిషి ఏం చేస్తాడు చెప్పు. ఆ ఏడు ససెక్స్ రెండో డివిజన్‌లో ఎనిమిది జట్లలో ఏడో స్థానం. పుజారా స్కోర్లు చూసి ఆ ఏడాది నేను వాళ్లు పైకొస్తారని రాశాను. మీ అత్తయ్య ఆ కాగితం ఇప్పటికీ దాచింది.

అందుకే నేను చెప్పేది ఒకటే. ఏ జట్టునైనా పేర్చే ముందు దాని ఫాస్ట్ బౌలర్ల పేర్లు రాయి. మొదటి ముగ్గురి పేర్లు ఎవరైనా చెబుతారు, ప్రతి కౌంటీకీ ముగ్గురుంటారు. ఆరో పేరు, ఏడో పేరు ఏమిటన్నది చూడు. ఆ పేరు దగ్గర నీ పెన్ను ఆగిపోయిందంటే ఆ జట్టును ఒక మెట్టు కిందకి దించు.

ఎందుకంటే ఇక్కడి క్యాలెండర్ అలాంటిది. ఏప్రిల్ మొదట్లో మొదలుపెట్టి మే చివరికల్లా సగం మ్యాచ్‌లు వరసపెట్టి ఆడించేస్తారు. తర్వాత కౌంటీల టీ20 పోటీ బ్లాస్ట్, జులై ఆగస్టుల్లో వంద బంతుల పోటీ హండ్రెడ్, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి, మళ్లీ సెప్టెంబరులో చివరి రౌండ్లు. నాలుగు రోజులు ఆడి, రెండు మూడు రోజులు ఊపిరి తీసుకుని, కోచ్ బస్సెక్కి ఇంకో ఊళ్లో మళ్లీ కొత్త బంతి అందుకోవాలి. ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లకు నడుము ఎముక ఇంకా గట్టిపడి ఉండదు, అక్కడ చిన్న చీలిక వచ్చిందంటే ఆ సీజన్ గోవిందా. ముప్పై దాటినవాళ్లకు మోకాలో పిక్కో పట్టేస్తుంది. ఏప్రిల్ మొదటి వారంలో బరిలోకి దిగిన ముగ్గురు పేసర్లు సెప్టెంబరు చివరి వారంలో కూడా అదే జట్టుకు కలిసి బంతి వేయడం నేను అరుదుగా చూశాను.

సర్రే 2022, 2023, 2024 వరసగా మూడేళ్లు చాంపియన్ అయింది. అలా మూడు వరసగా అంతకు ముందు గెలిచింది యార్క్‌షైర్, అదీ 1966 నుంచి 1968 దాకా, అంటే మధ్యలో యాభై ఏళ్లకు పైగా ఎవరి వల్లా కాలేదు. అందరూ సర్రే దగ్గర డబ్బుంది అంటారు, ఉంది, కాదనను. కానీ ఆ డబ్బుతో వాళ్లు ఏం నింపారో చూడు. కీమర్ రోచ్, ఆస్ట్రేలియా నుంచి వచ్చి బ్రిటిష్ పాస్‌పోర్టుతో ఆడుతున్న డాన్ వొరాల్, జోర్డాన్ క్లార్క్, గస్ అట్కిన్సన్, జేమీ ఓవర్టన్, కరన్ అన్నదమ్ములు, టామ్ లాస్. అట్కిన్సన్‌ను 2024 జులైలో ఇంగ్లండ్ తీసుకెళ్లింది, లార్డ్స్‌లో వెస్టిండీస్ మీద మొదటి టెస్టులోనే 12 వికెట్లు తీశాడు. ఇంకో కౌంటీ అయితే అలాంటివాడు పోయాక కుదేలైపోయేది. సర్రేకి ఏమీ కాలేదు, బెంచీ మీద ఉన్నవాణ్ణి లేపి బంతి చేతికిచ్చారు, అదే ఏడు టైటిల్ కూడా కొట్టారు.

దీనికి ఎదురు ఉదాహరణ డర్హమ్. ఇది నా సొంత బోల్తా. 2025కి ముందు ఆ జట్టు పేర్లు రాసుకుంటే నాకే కళ్లు తిరిగాయి: స్టోక్స్, మార్క్ వుడ్, బ్రైడన్ కార్స్, మాథ్యూ పాట్స్, బెన్ రెయిన్. ఇంకేం, మొదటి నలుగురిలో పెట్టేశాను. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టయింది. స్టోక్స్ అప్పటికి ఇంగ్లండ్ కెప్టెన్, డర్హమ్ చొక్కాలో కనబడే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వుడ్ మోకాలికి ఆపరేషన్ చేయించుకుని వేసవంతా ఇంట్లోనే ఉన్నాడు. కార్స్ ఇండియా మీద టెస్టులు ఆడుకుంటున్నాడు. బండి లాగింది పాట్స్, రెయిన్. డర్హమ్ రెండో డివిజన్‌కు దిగిపోయింది. ఇంగ్లండ్ జట్టుకు పేసర్లను పెంచి పంపే కౌంటీ చివరికి తన ఇంట్లో కొత్త బంతి వేసేవాడి కోసం వెతుక్కోవాల్సి వస్తుంది, ఇది అన్యాయమే, కానీ పట్టిక వేసేటప్పుడు మన జాలితో పని లేదు.

అందుకని నా నోట్‌బుక్ పద్ధతి చెబుతాను. కౌంటీకో పేజీ. పేసర్ల పేర్లన్నీ కిందికి రాసి, ఒక్కొక్కరి పక్కన ఒక గుర్తు పెడతాను. ఇంగ్లండ్ సెంట్రల్ కాంట్రాక్టు ఉంటే, అంటే దేశం జట్టు పిలిస్తే కౌంటీని వదిలి వెళ్లిపోయేవాడైతే, సగం మనిషి. అసలు ఆడడేమో అనుకున్నవాడు సున్నా. విదేశీ బౌలరైతే ఎన్ని మ్యాచ్‌లకు సంతకం చేశాడో పద్నాలుగులో ఆ వంతు, ఎందుకంటే ఇప్పుడెవరూ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఉండటం లేదు, ఒకడు ఐదు మ్యాచ్‌లాడి వెళ్తే ఇంకొకడు దిగుతాడు. వెన్ను లేదా మోకాలు కథ ఉన్నవాడికి పావు తీసేస్తాను. కింద కూడితే వచ్చేదే నీ అసలు బలం. 2025 డర్హమ్‌కు ఇలా కూడి ఉంటే నా పరువు దక్కేది, ఆ పేర్లు చూసి బద్ధకించాను.

మీ ఊరి జట్టు సంగతే తీసుకో. నాటింగ్‌హమ్‌షైర్ 2024లో పది జట్లలో ఎనిమిదో స్థానం, కిందకి జారిపోయే గట్టు మీద నిలబడింది. మరుసటి ఏడు చాంపియన్. ఏం మారింది? జోష్ టంగ్‌ను వూస్టర్‌షైర్ నుంచి తెచ్చుకున్నారు కానీ గాయంతో 2024 చాలావరకు ఆడలేదు, 2025లో అందుబాటులోకి వచ్చాడు. సీజన్ మొదట్లో ఆస్ట్రేలియా కుర్రాడు ఫెర్గస్ ఓనీల్, అతను వెళ్లాక హాంప్‌షైర్ నుంచి వచ్చిన మహమ్మద్ అబ్బాస్, వీళ్లకు తోడు ఏళ్ల తరబడి అదే గీత మీద బంతి వేస్తున్న బ్రెట్ హట్టన్. టంగ్ టెస్టులకు వెళ్లినా బండి ఆగలేదు. సెప్టెంబరులో సర్రే సొంత మైదానం ఓవల్‌కు వెళ్లి వాళ్లని 20 పరుగుల తేడాతో ఓడించారు, టైటిల్ అక్కడే తిరిగింది. అదే టంగ్‌నూ, ఇంకో పేసర్ డిలన్ పెన్నింగ్టన్‌నూ పోగొట్టుకున్న వూస్టర్‌షైర్ రెండేళ్లలో దిగిపోయింది. కాబట్టి క్రితం ఏడాది పట్టికను ముందు పెట్టుకుని అటూ ఇటూ ఒక్కో స్థానం మార్చే పని చేయకు, మీ ఆఫీసులో సగం మంది అదే చేస్తారు.

వేగం చూసి మోసపోవద్దు, ఇది ఇంకో మాట. టీవీలో గంటకు 90 మైళ్లని కనబడగానే మనకు ప్రాణం లేచొస్తుంది, కానీ ఏప్రిల్‌లో ఆకాశం బూడిద రంగులో వేలాడుతుంటే, పిచ్ మీద తడి ఆరకుండా ఉంటే, ఇక్కడ వాడే డ్యూక్ బంతి కుట్టు వేలికి గుచ్చుకుంటుంటే, కావలసింది వేగం కాదు. కెంట్‌కు ఆడిన డారెన్ స్టీవెన్స్ నలభై దాటాక కూడా, వికెట్ల దగ్గరే నిలబడ్డ కీపర్‌కు అందేంత నిదానంగా వేస్తూ వికెట్లు కోసుకుపోయాడు. 2021 ఏప్రిల్‌లో మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి వార్విక్‌షైర్ తరఫున మీ ట్రెంట్ బ్రిడ్జ్‌లోనే మొదటి మ్యాచ్ ఆడి, 23 బంతులు ఎదుర్కొని సున్నాకు స్టువర్ట్ బ్రాడ్‌కు వికెట్ ఇచ్చేశాడు. టెస్టుల్లో సెంచరీ కొట్టినవాడతను. అదే మన హైదరాబాద్ తిలక్ వర్మ 2025 జూన్‌లో హాంప్‌షైర్‌కు దిగి చెమ్స్‌ఫర్డ్‌లో మొదటి మ్యాచ్‌లోనే సెంచరీ చేశాడు. ఇద్దరి ఆటలో తేడా ఉందేమో, కానీ నెలలో ఉన్న తేడా ఇంకా పెద్దది.

బంతి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023 నుంచి 2025 దాకా కొన్ని రౌండ్లు డ్యూక్ బదులు కూకబుర్రాతో ఆడించారు, కుట్టు త్వరగా చదునైపోయే బంతి అది. 2025 వేసవి ఎండల్లో ఆ బంతితో సర్రే డర్హమ్ మీద 9 వికెట్లకు 820 కొట్టింది, ఓపెనర్ డామ్ సిబ్లీ ఒక్కడే 305. నాలుగు రోజులు ఆడి చివరికి డ్రా. అందుకని పోయిన ఏడాది బౌలర్ల సగటు చూసేటప్పుడు అలాంటి మ్యాచ్‌లను పక్కన పెట్టి చూడు, లేకపోతే మంచి బౌలర్‌ను చెత్తవాడనుకుంటావు.

వీలైతే ఒకసారి మైదానానికి వెళ్లు, అంకెల్లో దొరకనిది అక్కడ దొరుకుతుంది. పొద్దున మొదటి స్పెల్, అంటే వరసగా వేసే ఓవర్ల విడత, ఏ బౌలరైనా బాగానే వేస్తాడు. సాయంత్రం ఐదింటికి అతని మూడో నాలుగో స్పెల్ చూడు, అతన్ని కాదు, కీపర్‌ను చూడు. పొద్దున కీపర్ ఎక్కడ నిలబడ్డాడో గుర్తుపెట్టుకో. సాయంత్రానికి నాలుగడుగులు ముందుకొచ్చాడంటే బౌలర్ అయిపోయాడన్నమాట, స్కోరుబోర్డు ఏం చెప్పినా సరే.

2022 సెప్టెంబరులో ఎడ్జ్‌బాస్టన్‌లో రెండు ఆటలు చూశాను. మొదటిది మన సిరాజ్ కోసం వెళ్లాను, వార్విక్‌షైర్‌కు మొదటి మ్యాచ్, సోమర్సెట్ మీద మొదటి ఇన్నింగ్స్‌లోనే ఐదు వికెట్లు. హైదరాబాద్ కుర్రాడికి బర్మింగ్‌హమ్ పెద్దలు లేచి చప్పట్లు కొడుతుంటే నా చేతులు నొప్పి పుట్టాయి. కానీ అసలైనది చివరి మ్యాచ్. వార్విక్‌షైర్ గెలవకపోతే దిగిపోతుంది. హాంప్‌షైర్‌కు కావలసింది 139 మాత్రమే. నా వెనక వరసలో ఒకాయన అప్పటికే కోటు తొడుక్కుని, ఫ్లాస్కు సంచిలో పెట్టేశాడు. లియామ్ నార్వెల్ అనే బౌలర్, సినిమా హీరోలా ఏమీ ఉండడు, వచ్చి వేస్తూనే ఉన్నాడు, వేస్తూనే ఉన్నాడు, పదిలో తొమ్మిది వికెట్లు అతనికే, 62 పరుగులిచ్చి. ఐదు పరుగుల తేడాతో గెలిచాం. ఎక్కడో ఉన్న యార్క్‌షైర్ దాంతో కిందకి పోయింది. వెనకాయన కోటు విప్పనే లేదు, నిలబడే చూశాడు.

ఒక్క మినహాయింపు మాత్రం గుర్తుంచుకో. స్పిన్నర్ ఉన్న జట్టుకు ఒక పేసర్ తక్కువైనా చెల్లుతుంది. 2017లో ఎసెక్స్ చాంపియన్ అయినప్పుడు జేమీ పోర్టర్ 75, స్పిన్నర్ సైమన్ హార్మర్ 72 వికెట్లు తీశారు, ఇద్దరు మనుషులు సీజన్‌ను మోసేశారు. సోమర్సెట్ మైదానం ఉన్న టాంటన్‌లో పిచ్ మీద బంతి మన దగ్గరలా తిరుగుతుందని, సోమర్సెట్ సైడర్ అనే ఆపిల్ మద్యం తయారయ్యే నేల కాబట్టి దానికి సైడరాబాద్ అని పేరు పెట్టారు, మన హైదరాబాద్ పేరు అక్కడిదాకా వెళ్లింది. ఆ పేరు నచ్చి సోమర్సెట్‌ను ఎన్నిసార్లు మొదటి స్థానంలో పెట్టానో లెక్కలేదు. 2010లో నాటింగ్‌హమ్‌షైర్‌తో పాయింట్లు సమానమై, గెలుపులు తక్కువని రెండోదైంది. ఇప్పటిదాకా ఒక్కసారీ గెలవలేదు. నువ్వు రెండో మూడో స్థానంలో పెట్టు, మనసు చంపుకుని.

ఇక 2026 సీజన్‌కు: పైన సర్రే, నాటింగ్‌హమ్‌షైర్ ఎలా పేర్చినా పర్వాలేదు. లీసెస్టర్‌షైర్, గ్లమోర్గన్ కొత్తగా పైకొచ్చాయి, గ్లమోర్గన్ 2005 తర్వాత మొదటి డివిజన్ మొహం చూడటం ఇదే, వాళ్ల ఐదో పేసర్ ఎవరో చూడకుండా జాలితో పైకి లేపకు. రెండో డివిజన్‌లో డర్హమ్‌ను పైన పెడతాను, అక్కడ పాట్స్, రెయిన్ చాలు. ఇది పోయినసారి మోజు మిగిలి చెబుతున్నానేమో అని మీ అత్తయ్య అనుమానం. లంకషైర్‌లో ఆండర్సన్‌కు నలభై మూడు నిండాయి, అతన్ని మాత్రం పూర్తి మనిషిగా లెక్కేయకు, ఎంత ఇష్టమున్నా.

కాగితం ఆఫీసులో ఇచ్చే ముందు ఫోటో తీసి నాకు పంపు. పేర్ల పక్కన ఆ సగాలు పావులు వేశావో లేదో చూస్తాను. ట్రెంట్ బ్రిడ్జ్‌కు వెళ్లే రోజు స్వెటర్ మీద స్వెటర్ వేసుకో, ఏప్రిల్ ఎండ చూసి మోసపోకు. పులిహోర కట్టుకెళ్లినా పర్వాలేదు, గేటు దగ్గర ఎవరూ ఆపరు, నేనెప్పుడూ తీసుకెళ్తాను.

మీ మామయ్య