మా ప్రాంతం ఫ్రీపోర్ట్ అయింది, స్థానికులుగా మాకేం హక్కులున్నాయి?

ప్రశ్న: చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రోలో ఉంటున్నాం. నాకు చిన్న వ్యాన్ సర్వీసు ఉంది. టీస్‌సైడ్ ఫ్రీపోర్ట్ వల్ల ఈ ప్రాంతం మళ్లీ లేచి నిలబడుతుందని, స్థానికులకు ఉద్యోగాలు వస్తాయని అంటున్నారు. మేం దాని హద్దుల్లోనే ఉన్నాం కాబట్టి పన్ను రాయితీలు నాకూ వస్తాయా? చదువు పూర్తయిన మా అబ్బాయికి స్థానికుడిగా ఉద్యోగంలో ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం ఉందా?

జవాబు: మీ అబ్బాయి సంగతి ముందు చెబుతాను. అలాంటి చట్టం లేదు. ఫ్రీపోర్ట్ అంటే పెట్టుబడుల కోసం ప్రభుత్వం పన్ను, కస్టమ్స్ రాయితీలు ఇచ్చే ప్రాంతం. అందులో యజమానికి దొరికే ముఖ్యమైన రాయితీల్లో నేషనల్ ఇన్సూరెన్స్‌ది (జీతం మీద ఉద్యోగి, యజమాని కట్టే సామాజిక భద్రత చందా) ఒకటి. ట్యాక్స్ సైట్‌లో, అంటే ఫ్రీపోర్ట్ లోపల రాయితీల కోసం గుర్తించిన స్థలంలో, కొత్తగా చేరిన ఉద్యోగికి ఏడాదికి 25,000 పౌండ్ల జీతం వరకు యజమాని తన వాటా కట్టనక్కర్లేదు. ఇది 36 నెలల వరకు ఉంటుంది. ఉద్యోగి తన పని సమయంలో కనీసం 60 శాతం ఆ సైట్‌లోనే గడపాలన్నది షరతు. అతను ఎక్కడివాడు అని మాత్రం చట్టం అడగదు. కనీస వేతనం, సెలవులు, ఉద్యోగ రక్షణ లాంటి హక్కులు మాత్రం బయట ఎలా ఉన్నాయో లోపలా అలాగే ఉంటాయి. ఫ్రీపోర్ట్ పేరు చెప్పి వాటిని ఎవరూ తగ్గించలేరు.

ఇక మీ వ్యాపారం. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంగ్లండ్‌లో ఫ్రీపోర్ట్ బయటి హద్దు 45 కిలోమీటర్ల దాకా ఉండొచ్చు. ఆ హద్దులో ఉన్నంత మాత్రాన ఏ రాయితీ రాదు. రాయితీలు ట్యాక్స్ సైట్లలోనే. అవి ఒక్కో ఫ్రీపోర్ట్‌కు మూడుకు మించవు, అన్నీ కలిపి 600 హెక్టార్లు దాటవు. వాటి మ్యాపులను ప్రభుత్వం ప్రచురించింది. మీ షెడ్డు ఆ గీత లోపల ఉందో లేదో చూసుకోండి. లోపల కొత్తగా స్థలం తీసుకుంటే బిజినెస్ రేట్లలో (వ్యాపార స్థలాలపై వేసే స్థానిక పన్ను) ఐదేళ్ల దాకా పూర్తి మినహాయింపు దొరకవచ్చు. ఇంగ్లండ్‌లో ఈ రాయితీల గడువును 2026 నుంచి 2031 సెప్టెంబరుకు పొడిగించారు. అయితే లీజు మీద సంతకం పెట్టే ముందే కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఏజెంటు మాట సరిపోదు. ఇంకో విషయం, రోజంతా రోడ్డు మీద ఉండే డ్రైవర్లు ఆ 60 శాతం షరతు దాటడం కష్టం. నేషనల్ ఇన్సూరెన్స్ రాయితీని లెక్కలో వేసుకుని అద్దెకు ఒప్పుకోకండి.

మరి ఊరికి మిగిలేదేమిటి? నా అభిప్రాయంలో అసలు ప్రశ్న ఇదే. ఈ ఫ్రీపోర్ట్ ఉన్నది 2015లో రెడ్‌కార్ ఉక్కు కర్మాగారం మూతపడి రెండు వేలకు పైగా ఉద్యోగాలు పోయిన చోట. ఆ నేల మీద వచ్చే ప్రతి పౌండు ఆ కుటుంబాల దాకా చేరాలి. కానీ దానంతటదే చేరదు. ఫ్రీపోర్ట్‌ల ప్రధాన ప్రభావం ఉన్న వ్యాపారాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడమేనని బ్రిటన్ బడ్జెట్ బాధ్యతా కార్యాలయం 2021లోనే అంచనా వేసింది. ఆ స్థలం అభివృద్ధిపై 2024 జనవరిలో వచ్చిన స్వతంత్ర సమీక్షలో అవినీతికి గానీ చట్టవిరుద్ధానికి గానీ ఆధారాలు దొరకలేదు. అయినా పారదర్శకత, పర్యవేక్షణ చాలవని ఆ నివేదిక స్పష్టంగా రాసింది.

కాబట్టి కాగితం మీదికి ఎక్కిన హామీనే నమ్మండి. 1990 నాటి ప్లానింగ్ చట్టం సెక్షన్ 106 కింద, స్థానికుల నియామకానికీ శిక్షణకూ డెవలపర్‌తో కౌన్సిల్ ఒప్పందం రాయించుకోవచ్చు. దాన్ని అమలు చేయించే అధికారం కౌన్సిల్‌దే, మీరు నేరుగా చేయించలేరు. అందుకే డెవలపర్ నిర్మాణ అనుమతి కోసం పెట్టిన దరఖాస్తు పరిశీలనలో ఉండగానే, సాధారణంగా ఇచ్చే 21 రోజుల్లో, ఆ షరతు పెట్టమని రాతపూర్వకంగా అడగండి. ట్యాక్స్ సైట్లలో పెరిగిన బిజినెస్ రేట్ల ఆదాయాన్ని స్థానిక కౌన్సిళ్లు 25 ఏళ్లు ఉంచుకోవచ్చు. అది దేనికి ఖర్చవుతోందో సమాచార స్వేచ్ఛ చట్టం కింద అడిగితే 20 పనిదినాల్లో జవాబివ్వాలి. ప్రైవేటు కంపెనీలు సాధారణంగా ఈ చట్టం కిందికి రావు. అందుకే కౌన్సిల్‌నూ, ఆ ప్రాంత కౌన్సిళ్ల సంయుక్త పాలక సంస్థ అయిన టీస్ వ్యాలీ కంబైన్డ్ అథారిటీనీ అడగండి. ఏటా 30 పనిదినాలు కౌన్సిల్ లెక్కలు ప్రజలు చూసేందుకు తెరిచి ఉంటాయి. స్థానిక ఓటరైతే ఆడిటర్‌కు అభ్యంతరం కూడా చెప్పొచ్చు. అక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న భారత పౌరులకు కామన్వెల్త్ పౌరులుగా ఓటు ఉంది. ఇది తెలియక మనవాళ్లు చాలామంది పేరే నమోదు చేసుకోరు. మీ ఇంట్లో అందరి పేర్లూ చూసుకోండి.

మీ దగ్గర్లో ఏదైనా పెద్ద నిర్మాణ దరఖాస్తు ఇప్పుడు నడుస్తుంటే ముందు దాని ఆఖరి తేదీ చూడండి. అనుమతి వచ్చాక హైకోర్టులో సవాలు చేయడానికి ఆరు వారాలే గడువు. పైగా అక్కడ నిర్ణయం చట్టప్రకారం జరిగిందా అనే చూస్తారు తప్ప ఊరికి మేలు జరుగుతుందా అని చూడరు.