గ్రేహౌండ్‌కి మెడ మీద వేసే టిక్ (పిడుదు) మందు వాడొచ్చా?

వాడొచ్చు. అయితే ఏ మందు అన్నదే అసలు విషయం.

రేసుల నుంచి రిటైరైన గ్రేహౌండ్‌ని మొన్ననే ఇంటికి తెచ్చుకున్నామని, చర్మం మీద చుక్కలుగా వేసే మందులు ఈ జాతికి విషమని పార్కులో ఎవరో చెప్పారని, అప్పటి నుంచి ప్యాకెట్ తెరవాలంటేనే టెన్షన్‌గా ఉందని మీరు రాశారు. అమ్మగారు వేపనూనె రాయమంటున్నారని కూడా అన్నారు. మా ఇంట్లోనూ రిటైర్డ్ గ్రేహౌండ్ ఉంది, పేరు చిట్టి. మేమూ మీలాగే సిడ్నీలో ఉంటాం, ఉత్తరం వైపు, ఇంటి వెనక గేటు దాటితే బుష్, అంటే పొదల అడవి. నేను డాక్టర్‌ని కాను. మా వెట్‌ని (పశువుల డాక్టర్‌ని) కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నవీ, చిట్టిని చూసుకుంటూ అర్థమైనవీ రాస్తున్నాను.

ముందు ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, ఎందుకంటే అది ఉత్తిదేం కాదు. గ్రేహౌండ్ ఒంట్లో కొవ్వు చాలా తక్కువ. చర్మం పల్చన, వెంట్రుక కూడా పల్చన. పైగా కాలేయంలో కొన్ని మందుల్ని విరగ్గొట్టే ఒక ఎంజైమ్, సీవైపీ2బీ11 అంటారు, వీటిలో మందకొడిగా పనిచేస్తుంది. మత్తు ఇవ్వడానికి ఒకప్పుడు వాడిన థయోపెంటాల్ మిగతా కుక్కలకి త్వరగా దిగిపోతే గ్రేహౌండ్‌లకి గంటల తరబడి దిగేది కాదు. 1980లలోనే వెట్‌లు దీన్ని గమనించి జాగ్రత్తపడ్డారు. ఆ రోజుల్లో ఫ్లీ (కుక్క ఒంటి మీద గెంతే పురుగు) కాలర్లు, పౌడర్లు, స్నానపు మందుల్లో ఎక్కువగా ఉండేవి ఆర్గానోఫాస్ఫేట్లు. మన ఊళ్లలో పత్తికీ మిరపకీ కొట్టిన క్లోర్‌పైరిఫాస్ ఆ కుటుంబానిదే. అది పురుగు నరాల మీద ఎలా పనిచేస్తుందో కుక్క నరాల మీదా అలాగే పనిచేస్తుంది, మోతాదు దాటితే తట్టుకోలేవు. ఇంత సన్నగా, పల్చటి చర్మంతో ఉండే జాతికి అవి పడవని పెంచేవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. సరైన జాగ్రత్తే అది. కాకపోతే మందులు మారిపోయినా ఆ మాట మారలేదు. ‘ఆర్గానోఫాస్ఫేట్ వద్దు’ అన్నది కాలం గడిచేకొద్దీ ‘మెడ మీద వేసేదేదీ వద్దు’ అయిపోయింది. పార్కులో మీకు చెప్పినాయన తప్పుడు ఉద్దేశంతో చెప్పలేదు, పాత మాట చెప్పారంతే.

అందుకే ప్యాకెట్ ముందువైపు బొమ్మ, బ్రాండు చూసి నిర్ణయించుకోకండి. వెనక్కి తిప్పండి. అక్కడ చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది.

ఫిప్రోనిల్ అని ఉంటే (ఫ్రంట్‌లైన్‌లో ఉండేది ఇదే) గ్రేహౌండ్ పెంచేవాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్న మందు అది. చర్మంలోని నూనె గ్రంథుల్లో చేరి, ఆ నూనెతో పాటే ఒళ్లంతా పాకుతుంది. రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. కాబట్టి కొవ్వు తక్కువ, కాలేయం నెమ్మది అనే గొడవ ఇక్కడ పెద్దగా రాదు. పురుగుల నరాలకి అది అతుక్కున్నంత గట్టిగా కుక్క నరాలకి అతుక్కోదు కూడా. ఇంట్లో కుందేలు ఉంటే మాత్రం దాని దరిదాపుల్లోకి రానివ్వకండి, కుందేళ్లకి ఫిప్రోనిల్ ప్రాణాంతకం. సెలమెక్టిన్ (రెవల్యూషన్) చర్మం ద్వారా రక్తంలోకి వెళ్లి పనిచేస్తుంది, అదీ గ్రేహౌండ్‌లకి వాడుకలో ఉన్నదే.

పెర్మెత్రిన్ దగ్గర నేను ఆగుతాను. అడ్వాంటిక్స్‌లో ఇమిడాక్లోప్రిడ్‌తో పాటు ఇది ఉంటుంది. కుక్కలకి వాడొచ్చనే లేబుల్ చెప్తుంది, వాడుతున్న గ్రేహౌండ్ యజమానులూ ఉన్నారు. నేను మాత్రం వాడను. పల్చటి చర్మం మీద పైరెత్రాయిడ్ (పెర్మెత్రిన్ ఈ రకమే) పడితే కొన్ని కుక్కలకి దురద, మంట, ఒకచోట నిలవలేనంత చిరాకు వస్తాయి. వేరే దారి లేకపోతే అది వేరే సంగతి, ఉన్నప్పుడు ఆ బాధ దానికెందుకు? ఇంకో కారణం కూడా ఉంది. మా పక్కింటి పిల్లి రోజూ చిట్టి పక్కన ఎండలో పడుకుంటుంది. పిల్లి కాలేయం పెర్మెత్రిన్‌ని విడగొట్టలేదు. కుక్క ఒంటి మీద తడి ఆరని మందు పిల్లికి తగిలినా, పిల్లి నాకినా వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ మందు గురించి ఆలోచన కూడా వద్దు.

ఇక కొత్త తరం మందులు, ఐసోక్సాజోలిన్లు: అఫాక్సోలానర్ (నెక్స్‌గార్డ్), ఫ్లూరలానర్ (బ్రావెక్టో), సరోలానర్ (సింపారికా). ఎక్కువగా నమిలే మాత్రలే, బ్రావెక్టోకి చుక్కల మందు కూడా ఉంది. వీటివల్ల కొన్ని కుక్కల్లో వణుకు, తూలుడు, ఫిట్స్ వచ్చాయని 2018 సెప్టెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. అది గ్రేహౌండ్‌ల కోసం ప్రత్యేకంగా ఇచ్చింది కాదు, అన్ని జాతులకీ. మందు మార్కెట్లోంచి తీసేయలేదు, ఫిట్స్ చరిత్ర ఉన్న కుక్కలకి ఆలోచించి ఇవ్వమన్నారు. మీ గ్రేహౌండ్ అమ్మాయి రేసింగ్ కెన్నెల్ నుంచి వచ్చింది కాబట్టి అక్కడ ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడాప్షన్ వాళ్లని ఒక్కమాట అడగండి. చిట్టికి ఆ సమస్య లేదు కాబట్టి మా వెట్ ఈ రకం మాత్రే రాశారు, మేమూ అదే వాడుతున్నాం.

చుక్కల మందు గురించి అడిగితే మాత్రకి ఎందుకు వెళ్లామంటారేమో. సిడ్నీ కాబట్టి.

మన దగ్గర కుక్కలకి పట్టే గోధుమరంగు పిడుదుకీ, ఇక్కడి పెరాలిసిస్ టిక్‌కీ చాలా తేడా ఉంది. మన పిడుదు ఎర్లీకియా, బబేసియా లాంటి జబ్బులు అంటించి మెల్లగా పీల్చేస్తుంది. పెరాలిసిస్ టిక్, ఐక్సోడిస్ హోలోసైక్లస్, రక్తం తాగుతూ తన లాలాజలంలోని విషాన్నే ఎక్కిస్తుంది. ఉత్తర క్వీన్స్‌లాండ్ నుంచి విక్టోరియా తూర్పు కొస దాకా తూర్పు తీరం పొడవునా ఉంటుంది. వసంతం, వేసవిలో ఎక్కువ, మిగతా నెలల్లో ఉండదని కాదు. అంటుకున్న మూడు నుంచి ఐదు రోజులకి వెనక కాళ్లు తూలడం, మొరుగు గొంతు మారిపోవడం, డోకడం మొదలవుతాయి. తర్వాత ఊపిరి తీసే కండరాలే పట్టు తప్పుతాయి. ఒక్క టిక్ చాలు. మందు వేస్తే ఏమవుతుందో అన్న భయంతో ఏమీ వేయకుండా ఉండడం ఈ ఊళ్లో అన్నిటికంటే పెద్ద ప్రమాదం. మీకు రాయాలనిపించింది ముఖ్యంగా ఈ మాట కోసమే.

ఇక్కడ చాలామంది పొరపడేది ఇంకోటుంది. ఫ్రంట్‌లైన్ ప్లస్ ఫ్లీలకైతే నెలకోసారి సరిపోతుంది, పెరాలిసిస్ టిక్‌కైతే రెండు వారాలకోసారి వేయాలి. లేబుల్ మీదే ఉంటుంది ఆ తేడా. అడ్వొకేట్ అయితే అసలు టిక్‌ల మీద పనిచేయదు, ఫ్లీలకీ నులిపురుగులకీ గుండె పురుగుకీ మాత్రమే. నెలనెలా వేస్తున్నాం కదా అని ధీమాగా ఉంటే టిక్ విషయంలో ఏమీ వేయనట్టే. రెండు వారాల లెక్క తప్పకుండా పాటించడం కష్టమనే మేం మాత్రకి మారాం. మీరు పాటించగలిగితే ఫిప్రోనిల్ మంచిదే.

మందు ఏదైనా చేతి తనిఖీ మానకండి. మాత్ర వేసుకున్న కుక్కకి కూడా టిక్ పట్టుకుంటుంది, ఆ టిక్ కుట్టాకే చస్తుంది. బయటికెళ్లొచ్చిన రోజు చిట్టిని పడుకోబెట్టి, వేళ్ల కొసలతో ముక్కు నుంచి మొదలుపెట్టి మెల్లగా వెనక్కి నొక్కుకుంటూ వస్తాను. పెదవి మడతలు, చెవుల లోపల, గడ్డం కింద, ముందు కాళ్ల చంకలు, వేళ్ల సందులు, తోక మొదలు. ఎక్కువ తల, మెడ చుట్టే దొరుకుతాయి. గ్రేహౌండ్ వెంట్రుక పొట్టిది కాబట్టి ఇది మనకి కలిసొచ్చే విషయం, కళ్లతో చూడకముందే వేలికి తగులుతుంది. ఒకసారి చెవి వెనక మెంతిగింజంత గట్టిగా తగిలింది. తీసి తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే బూడిదరంగు ఒళ్లు, కాళ్లన్నీ మూతి దగ్గరే గుంపుగా ఉన్నాయి, ముందు జతా చివరి జతా గోధుమరంగు, మధ్య రెండు జతలు పాలిపోయినట్టు. పెరాలిసిస్ టిక్కే. మాత్ర పనిచేసి అప్పటికే చచ్చి ఉంది. అయినా మా వెట్‌కి ఫోన్ చేశాం. టిక్ తీసేశాక కూడా విషం లక్షణాలు ముదరొచ్చు కాబట్టి ఎండలో తిప్పొద్దు, పరిగెత్తనివ్వొద్దు, కాళ్లు తూలితే వెంటనే తీసుకురండి అన్నారు. చిట్టికి ఏమీ కాలేదు.

మీరు చుక్కల మందే వేయాలనుకుంటే, ముందు బరువు చూడండి. గ్రేహౌండ్ పొడవు చూసి నలభై కిలోలు అనుకుంటారు, ఆడకుక్కలు సాధారణంగా ముప్పైకి అటూ ఇటూ ఉంటాయి. కొన్ని మందుల బరువు గీత సరిగ్గా ముప్పై దగ్గరే ఉంటుంది కాబట్టి వెట్ దగ్గర తూకం వేయించాకే కొనండి. వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. జిడ్డు తీసే షాంపూతో కడిగితే ఆ మందు పాకాల్సిన నూనే పోతుంది. భుజాల మధ్య వెంట్రుకని రెండు పక్కలకీ తీసి, చర్మం కనిపించాక ట్యూబు మూతి చర్మానికి ఆనించి వత్తండి. కెన్నెల్ నుంచి వచ్చినవాటికి గీతలు, పుండ్లు ఉంటాయి, తొడల మీద వెంట్రుక ఊడి ఉంటుంది; అలాంటి చోట వేయొద్దు. మొదటిసారి ఉదయం పూట, ఇంట్లో మనిషి ఉండే రోజున వేయండి. చిట్టికి ఫిప్రోనిల్ వేసిన రోజుల్లో ఆ చోట తెల్లటి పొట్టు లేచేది, సోఫాకి వీపు రుద్దుకునేది, మర్నాటికి పోయేది. అంతవరకు కంగారు పడక్కర్లేదు.

చొంగ కారడం, వాంతులు, విపరీతమైన దురద కనిపిస్తే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఆ చోటు కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టండి, ఇవి తడిస్తే చలికి తట్టుకోలేవు. కడిగాక వెట్‌కి గానీ యానిమల్ పాయిజన్స్ హెల్ప్‌లైన్‌కి గానీ ఫోన్ చేయండి. కానీ వణుకు, తూలుడు, ఫిట్స్ అయితే కడుగుతూ కూర్చోవద్దు. వణుకుతో ఒళ్లు వేడెక్కుతుంది, గ్రేహౌండ్‌కి ఒళ్లంతా కండే కాబట్టి ఆ వేడి చాలా త్వరగా పెరుగుతుంది. నేరుగా కారెక్కించండి, ప్యాకెట్ కూడా పట్టుకెళ్లండి.

అమ్మగారి వేపనూనె గురించి. ఆవిడ చెప్పింది ప్రేమతోనే, పలచన చేసి రాస్తే పెద్ద ప్రమాదమేమీ ఉండదు, కాకపోతే నాక్కోకుండా చూడాలి. కానీ పెరాలిసిస్ టిక్‌ని అది ఆపుతుందని నమ్ముకోవద్దు. ఇక్కడ సూపర్‌మార్కెట్లో దొరికే టీ ట్రీ ఆయిల్ ‘సహజం’ అని రాసుంటుంది గానీ చిక్కటిది కుక్క చర్మం మీద పడితే కాళ్లు పడిపోయినట్టవడం, వణుకు వస్తాయి. దాన్ని ఇంట్లో పెట్టకండి. వెల్లుల్లి తినిపించమని కూడా ఎవరో ఒకరు చెప్తారు, అది ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది.

ఇండియా నుంచి వచ్చేవాళ్ల చేత మందులు తెప్పించుకునే అలవాటు మనవాళ్లకి ఉంది. కుక్క మందు మాత్రం వద్దు. పశువుల మందుల షాపుల్లో అమ్మే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ సీసాలు ఆవులకీ గేదెలకీ ఉద్దేశించినవి, నీళ్లలో కలపాల్సిన దానికంటే ఒక మూత ఎక్కువైతే చాలు, ప్రమాదమే. అమిట్రాజ్ కూడా అంతే, లెక్క తప్పితే కుక్క మత్తుగా పడిపోతుంది, గుండె వేగం తగ్గుతుంది. ఊళ్లో ముధోల్, రాజపాళయం పెంచుతున్నవాళ్లు ఇది చదివితే మీకూ ఇదే నా మాట: అవీ సన్నటి ఒళ్లు, పల్చటి చర్మం ఉన్న వేట కుక్కలే, గేదె మందు వాటికి రాయకండి.

రక్తపరీక్ష చేయిస్తే ఒక విషయం గుర్తుంచుకోండి. గ్రేహౌండ్‌లకి పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు తక్కువ, ఎర్ర రక్తకణాలు ఎక్కువ, థైరాయిడ్ లెక్క తక్కువ. కొత్త వెట్ ఎవరైనా రిపోర్టు చూసి ప్లేట్‌లెట్లు పడిపోయాయి, టిక్ జ్వరమేమో అంటే, గ్రేహౌండ్ కొలతలతో పోల్చి చూడమని అడగండి. ఉత్తర ఆస్ట్రేలియా కెన్నెల్ నుంచి వచ్చిన కుక్క అయితే మాత్రం ఎర్లీకియా పరీక్ష అడిగి చేయించడం మంచిది, 2020 నుంచి అది ఆ వైపు ఉంది.

మీ దగ్గరున్న ప్యాకెట్ వెనక ‘యాక్టివ్ కాన్‌స్టిట్యుయెంట్’ అన్న చోట ఏ పేర్లున్నాయో, మీ అమ్మాయి బరువెంతో, ఇంట్లో పిల్లి ఉందో లేదో కింద రాయండి. ఈలోగా ఇవాళ సాయంత్రమే ఒకసారి చెవుల వెనక, గడ్డం కింద వేళ్లతో చూడండి.