నాన్నగారి మారుతి 800 కోసం అప్పు చేయనా?

ప్రశ్న: మాది విజయనగరం. వయసు 41. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. చేతికి 48,000 వస్తుంది. నా భార్య జాకెట్లు కుట్టి నెలకు 5,000 దాకా సంపాదిస్తుంది. ఇంటి లోను కిస్తీ 14,500, ఇంటి ఖర్చు 20,000, పాప చదువుకి 5,000 (ఎనిమిదో తరగతి), పెట్రోలు, ఫోన్లకి 3,500, చీటీకి 5,000 పోతాయి. చీటీ ఇంకా ఎనిమిది నెలలుంది, చివర్లో లక్ష చేతికొస్తుంది. బ్యాంకులో 40,000, పాప పేరున 2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 మా షెడ్డులో ఉంది. 2022లో ఆయన పోయాక బండి కదల్లేదు, ఆర్‌సీ గడువు 2023లో తీరిపోయింది. సెలవు రోజుల్లో ఇంటి దగ్గరే నేను దాన్ని పూర్తిగా విప్పి బాగు చేద్దామనుకుంటున్నాను. నా అంచనా: టింకరింగ్, పెయింటింగ్ 75,000, మారుతి జెన్ కారు ఇంజిన్ దీనికి ఎక్కించడానికి 80,000, అల్లాయ్ చక్రాలు, టైర్లు 40,000, సీట్లు 25,000, స్టీరియో 30,000, పనిముట్లు 50,000. మొత్తం 3 లక్షలు. పర్సనల్ లోను 14 శాతం వడ్డీకి మూడేళ్ళకు ఇస్తామంటున్నారు. అది తీసుకోనా, పాప డిపాజిట్ తీసేయనా? మా ఆవిడ రెండూ వద్దంటోంది.

జవాబు: మీ ఆవిడ చెప్పింది నిజం. రెండూ వద్దు. అలాగని బండి వదిలేయమని నేను అనను. నాన్నగారి బండిని సొంత చేతులతో మళ్ళీ రోడ్డెక్కించాలన్న కోరిక చాలా మంచిది, పైగా మీకు పని వచ్చు. మీ చేతిలో ఉన్న పెద్ద పెట్టుబడి అదే. కూలి డబ్బులు చాలావరకు మిగులుతాయి.

ముందు లోను సంగతి. 3 లక్షలు, 14 శాతం, 36 నెలలంటే కిస్తీ 10,253 రూపాయలు. వడ్డీయే 69,000 దాటుతుంది. మీరు రాసిన లెక్క ప్రకారం నెలాఖరుకి మీ దగ్గర మిగిలేది 5,000. ఆ కిస్తీ కట్టాలంటే మొదటి నెల నుంచే మరో 5,253 ఎక్కడో వెతకాలి. ఇక పాప డిపాజిట్. రెండేళ్ళు దాటితే పాప ఇంటర్‌లో చేరుతుంది. ఆ రోజు కాలేజీ ఫీజు అడుగుతుంది, కారు అడగదు. దాని జోలికి వెళ్ళకండి.

నరసన్నపేటలో మా మేనమామ ఒకాయన అంబాసిడర్ మీద మోజుతో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. ఏడాదికి 24 శాతమన్న మాట. డబ్బు చేతిలో ఉంది కదా అని ఒక్క నెలలో బండినంతా విప్పేశాడు. బోల్టులన్నీ హార్లిక్స్ సీసాల్లో వేసి, ఏ సీసా దేనిదో కాగితం అంటించాడు. ఇంజిన్‌కి, టింకరింగ్‌కి డబ్బులయిపోయాయి. బాడీకి ప్రైమర్ కొట్టి, పెయింట్ తర్వాత చూద్దామని టార్పాలిన్ కప్పాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ టార్పాలిన్‌ని ఎత్తుకుపోయింది. ప్రైమర్ నీటిని ఆపదు, పీల్చుకుంటుంది. రెండు నెలల్లో లోపలి రేకు తుప్పు పట్టి ప్రైమర్ మీదే ఎర్రటి మచ్చలు లేచాయి. సీసాల మీద రాసిన సిరా వెలిసిపోయింది. అప్పు మాత్రం నెలనెలా గుర్తుంది. చివరికి ఆ బండిని తూకానికి అమ్మేశారు. ఆ రోజు మామయ్య ఇంట్లోంచి బయటికి రాలేదు.

అందుకే నేను మీకు చెప్పేది ఒక్కటే: చేతిలో ఉన్న డబ్బుతో మళ్ళీ మూయగలిగిన భాగాన్నే విప్పండి. పాత బండి పనిలో డబ్బు ఎక్కువగా పాడయ్యేది సగంలో ఆగిన చోట. బ్రేకులు విప్పితే బ్రేకులు బిగించాకే కార్బురేటర్ మీద చెయ్యి వేయండి. మీరు ఫిట్టర్, షట్‌డౌన్ పనికి ముందు విడిభాగాలు దగ్గర పెట్టుకునే మిషన్ విప్పుతారు కదా, ఇదీ అంతే.

ఇప్పుడు మీ మూడు లక్షల జాబితా. అందులో మీరు రాయని పద్దే నాకు పెద్దగా కనిపించింది: కాగితాల ఖర్చు. బండి ఇంకా నాన్నగారి పేరునే ఉంటే ముందు వారసుల కింద మీ పేరుకి మార్చుకోవాలి, దానికి ఫారం 31. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫారం 25. ఇరవై ఏళ్ళు దాటిన కారుకి రెన్యువల్ రుసుము 2025 ఆగస్టు నుంచి 10,000 అయింది. గడువు దాటాక ఆలస్యానికి నెలకు 500 చొప్పున అదనం. ముప్పై నెలలు దాటిందంటే 15,000. పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ వేరే. ఇంత కట్టినా వచ్చేది ఐదేళ్ళ గడువే. ఒక్క స్పానర్ కొనేముందు నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం, పాత ఆర్‌సీ పట్టుకుని రవాణా శాఖ ఆఫీసుకి వెళ్ళి, మొత్తం ఎంతవుతుందో అంకెతో సహా రాసుకుని రండి.

జెన్ ఇంజిన్ మాట మరిచిపోండి. ఇది ఖర్చు గురించి మాత్రమే కాదు. మీ ఆర్‌సీలో 796 సీసీ అని, ఇంజిన్ నంబరు అని ఉన్నాయి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అనుమతి లేని మార్పుకి, ఒక్కో దానికి 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. నాకు ఇంతకంటే భయం బీమా దగ్గర. రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే, కంపెనీ పరిహారం కట్టినా, పాలసీ షరతులు మీరారని తేలితే ఆ డబ్బు యజమాని దగ్గర రాబట్టుకోమని ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ చెప్పవచ్చు. ఆ మొత్తం లక్షల్లో ఉంటుంది. లోను కడుతున్న మీ ఇల్లు దానికి పూచీ అవుతుంది. 80,000 పెట్టి అంత ప్రమాదాన్ని ఇంట్లోకి తెచ్చుకోవద్దు. ఉన్న ఇంజిన్‌నే బాగు చేయండి. అదే రకం ఇంజిన్ వేయాల్సి వచ్చినా ముందు అనుమతి తీసుకుని, ఆర్‌సీలో నమోదు చేయించాలి.

అల్లాయ్ చక్రాలు, స్టీరియో ఇప్పుడు వద్దు. అయితే నాలుగేళ్ళు కదలని బండికి మంచి టైర్లు మాత్రం తప్పవు, మామూలు రిమ్ములకే వేయించండి. పనిముట్లలో స్పానర్లు, మంచి జాకీ, జాకీ స్టాండ్లు కొనండి. కంప్రెసర్, వెల్డింగ్ మిషన్ అద్దెకి తెచ్చుకోండి. జాకీ స్టాండ్ల దగ్గర పొదుపు చేసి ఇటుకల మీద బండి నిలబెట్టి కిందకి దూరవద్దు, దయచేసి.

బాడీకి 75,000 సరిపోతుందో లేదో ఈ ఆదివారం మీరే తేల్చుకోవచ్చు. డ్రైవరు కాళ్ళ కింద కార్పెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ మొనతో నేలరేకుని పొడిచి చూడండి. ఠంగుమంటే రేకు బతికున్నట్టే. మెత్తగా దిగిపోయిందా, అక్కడ ముక్క కోసి కొత్త రేకు అతకాలి. బ్యాటరీ కింద, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలో, తలుపుల అడుగు అంచుల్లో కూడా అలాగే చూడండి. మన వైపు వానలకి, సముద్రపు గాలికి ముందు పోయేవి అవే. నేలంతా దిగబడితే అంచనా రెట్టింపు చేసుకుని మళ్ళీ ఆలోచించండి. ఎందుకంటే ఈ బండిని ఎంత ముస్తాబు చేసినా అమ్మితే పెట్టిన డబ్బు రాదు. వింటేజ్ గుర్తింపుకి 50 ఏళ్ళు నిండాలి, మీ బండికి అది 2048లో. కాబట్టి దీన్ని పెట్టుబడి పద్దులో రాయకండి, సరదా పద్దులో రాయండి. సరదాకి ఖర్చు పెట్టడం తప్పు కాదు, దానికి అప్పు చేయడమే తప్పు.

మరి డబ్బు ఎలా సర్దాలి? మిగిలే 5,000లో 2,000 అత్యవసర నిధికి, 3,000 బండికి. బండి డబ్బుకి వేరే ఖాతా తెరవండి, ఇంటి ఖర్చు అందులో కలవకూడదు, ఇందులోది ఇంటికి పోకూడదు. మీ ఆవిడ టెన్షన్ సగం దీంతోనే తగ్గుతుంది. ఎనిమిది నెలల్లో బండి ఖాతాలో 24,000 పోగవుతుంది. చీటీ లక్ష వచ్చిన రోజున అందులో ఒక్క రూపాయి కూడా షెడ్డుకి వెళ్ళకూడదు. మీ 40,000తో, అప్పటికి జమయిన 16,000తో కలిపితే 1,56,000 అవుతుంది, అంటే మూడు నెలల ఖర్చు. ఇల్లు లోనులో ఉన్నవాళ్ళకి అది కనీసం. చీటీ తీరాక మిగిలే నెలకు 5,000లో 3,000 పాప ఇంటర్ కోసం రికరింగ్ డిపాజిట్‌లో వేయండి (సుకన్య ఖాతా తెరవడానికి పదేళ్ళ వయసు దాటిపోయింది), 2,000 బండికి కలపండి. అప్పటినుంచి బండికి నెలకు 5,000, ఏడాదికి 60,000.

ఒక్క మాట అడగకుండా రాస్తున్నాను. మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటివాళ్ళకి డబ్బిచ్చే జీవిత బీమా) ఊసు లేదు. కంపెనీ ఇచ్చే గ్రూప్ బీమా ఉద్యోగం ఉన్నంతవరకే. ఇంటి లోను, పాప చదువు మీ ఒక్కరి జీతం మీదే ఉన్నాయి. బండి ఖాతాలో పడే మొదటి డబ్బుతో అదే తీసుకోండి. ఆ నెలల్లో బండి కాస్త ఆగినా పరవాలేదు.

పని వరస ఇలా పెట్టుకోండి. ముందు బండి నడవాలి: ట్యాంకు కడగడం, కార్బురేటర్, బ్రేకులు, లైట్లు, టైర్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు పైపులు దానికి ఎక్కువ కాలం నిలవవు, అవన్నీ మార్చండి. ఇంజిన్ దించేముందు కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూపించండి. బాగుంటే దించే పనే లేదు. పాత రంగుతోనే బండిని తనిఖీకి చూపించి రెన్యువల్ చేయించండి. థర్డ్ పార్టీ బీమా మీ బండికి ఏడాదికి 2,094, పన్ను అదనం. అది లేకుండా వీధి చివరికి కూడా వద్దు. నెమ్మదిగా చేస్తే ఆలస్య రుసుము నెలకు 500 పెరుగుతుందని మీకు అనిపించవచ్చు, నిజమే. లోను వడ్డీ సగటున నెలకు 1,900 పైన. ఏది తక్కువో చూడండి. టింకరింగ్, పెయింటింగ్ చివర్న, అదీ పై కోటు దాకా పూర్తి డబ్బు ఖాతాలో ఉన్నప్పుడే, వానలు వెనకబడ్డాక మొదలుపెట్టండి.

రవాణా శాఖ ఆఫీసులో చెప్పిన మొత్తం, స్క్రూడ్రైవర్ ఎన్ని చోట్ల దిగిందో, ఈ రెండూ నాకు మళ్ళీ రాయండి. వాటిని బట్టి మొదటి ఎనిమిది నెలల లెక్క మార్చి ఇస్తాను.