నల్ల బియ్యం రంగుతో కొవ్వు కరుగుతుందా?

నల్ల బియ్యంలోని రంగు కొవ్వును కరిగిస్తుందట, అంత ధర పెట్టి కొనొచ్చా, లేదంటే ఆ రంగును క్యాప్సూల్‌గా వేసుకుంటే సరిపోతుందా అని అడిగారు. మాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో పనిచేస్తాను. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పినప్పటి నుంచి ఇంట్లో అప్పుడప్పుడు ఈ బియ్యం వండుకుంటున్నాం.

ఆ రంగు ఉండేది పైన తవుడు పొరలోనే. పాలిష్ పడితే తవుడుతో పాటు అదీ పోతుంది, మిగిలేది మామూలు తెల్ల గింజే. కొనేముందు ఒక గింజ కొరికి చూడండి. లోపలి దాకా నల్లగా ఉంటే రంగు వేశారేమోనని అనుమానించాల్సిందే.

ఆ పదార్థం పేరు ఆంథోసయనిన్. నేరేడు పండు, వంకాయ తోలు, పుంటికూర ఎర్ర కాడల్లో ఉండేదీ ఈ జాతిదే. (బీట్‌రూట్, ఎర్ర తోటకూరల ఎరుపు వేరే, వాటిని బీటాలెయిన్లు అంటారు.) 2003లో జపాన్ పరిశోధకులు కొవ్వు ఎక్కువున్న మేతలో ఊదా మక్కల రంగు కలిపి ఎలుకలకు పెడితే, రంగు లేని మేత తిన్నవాటిలా అవి లావెక్కలేదు. ప్రకటనల వాళ్లకు అది చాలు! మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో మాత్రం ఫలితాలు ఒకలా లేవు, వచ్చిన తేడా కూడా చిన్నదే. పైగా ఈ రంగు మన ఒంటికి పట్టేది చాలా తక్కువ, ఎక్కువ భాగం పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి సూక్ష్మజీవుల పాలవుతుంది.

ఇంకో సంగతి, నలుపైనా తెలుపైనా 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. రంగు చూసి రెండు గంటెలు ఎక్కువ వడ్డించుకుంటే అంతే సంగతులు. నాకు పనికొచ్చింది దాని గట్టిదనం. బాగా నమలాలి, అందుకే రెండోసారి పెట్టుకోబుద్ధి కాదు. నా నడుము కొలత తగ్గిన మాట నిజమే, కానీ రాత్రి అన్నం మానేసి జొన్న రొట్టెకు మారాను, పొద్దున నడుస్తున్నాను. ఆ గొప్పంతా బియ్యం రంగుకు ఇవ్వలేను.

వండేటప్పుడు ముందు రోజు రాత్రే కడిగి నానబెట్టండి. నీళ్లు ఊదాగా మారతాయి, పారబోయకుండా వాటిలోనే ఉడికించండి.

క్యాప్సూల్స్ జోలికి మాత్రం డాక్టర్‌ను అడగకుండా వెళ్లకండి. ఉదాహరణకు కూరలో పసుపు వేరు, గాఢంగా తీసిన పసుపు క్యాప్సూల్ వేరు. ఆ పసుపు క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. ధర టెన్షన్ అయితే నల్ల బియ్యం వదిలేసి, సీజన్‌లో నేరేడు పండ్లు, మిగతా రోజుల్లో పుంటికూర పప్పు, జొన్న రొట్టె తినండి.