బేస్‌మెంట్‌లో కరివేపాకు మొక్కలకి గ్రో టెంట్ ఫ్రేమ్ ఇంట్లోనే చేసుకోవచ్చా?

మిషిగన్ చలికి కరివేపాకు కుండీలూ మిరప నారూ బేస్‌మెంట్‌లోకి దించాలనుకుంటున్నానని, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గ్రో టెంట్‌కి (లోపల లైటు పెట్టి మొక్కలు పెంచే షీటు గుడారం) పీవీసీ పైపు ఆగుతుందా, చెక్కే వాడాలా అని అడిగారు. పీవీసీ నిక్షేపంగా ఆగుతుంది. మా ఇంట్లో చలికాలమంతా కరివేపాకు బతికేది అలాంటి టెంట్‌లోనే. కాకపోతే ఫ్రేమ్ గురించి ఆలోచించడం పైకప్పు నుంచి మొదలుపెట్టండి. గోడలు మోసేది పల్చటి షీటునే. అసలు బరువంతా పైనే ఉంటుంది: లైటు, ఫ్యాను, ఫ్యాను గొట్టం.

ముందు ఎత్తు తేల్చుకోండి. కుండీ ఎత్తు అడుగుకి పైనే, మొక్క మూడడుగులు, మొక్క కొసకీ లైటుకీ మధ్య అడుగు, లైటూ దాని తాళ్లూ ఇంకో అరడుగు. అంటే ఆరడుగులు కావాల్సిందే. చెట్టు అంతకన్నా పొడుగుంటే లోపలికి తెచ్చేముందు కొసలు కత్తిరించేయండి, ఆ ఆకంతా పొడికి పనికొస్తుంది. మిరప నారుకి లైటు ఇంకా దగ్గరగా కావాలి కాబట్టి ఆ ట్రేలని ఏదైనా డబ్బా మీద ఎత్తిపెడితే చాలు.

ముప్పావు అంగుళం షెడ్యూల్ 40 (పైపు గోడ మందాన్ని చెప్పే గుర్తు) పైపు పదడుగుల ముక్కలుగా దొరుకుతుంది. ఒక్కో దాన్ని ఆరు, నాలుగు అడుగులుగా కోస్తే నాలుగు పైపుల్లో నిలువులూ పొడుగు కమ్మీలూ వచ్చేస్తాయి. ఐదో పైపులో రెండడుగుల ముక్కలు నాలుగు పోగా ఇంకోటి మిగులుతుంది. అయినా ఆరో పైపు కూడా తెచ్చుకోండి, చివర్లో దాంతోనే పని. మూలలకి మూడు దారుల జాయింట్లు ఎనిమిది కావాలి. ప్లంబింగ్ వరసలో దొరికేవాటికి తరచూ ఒక దారి మరతో ఉంటుంది, అది మనకి పనికిరాదు. మూడు వైపులా నున్నగా ఉండే ఫర్నిచర్ రకం అడగండి.

పీవీసీ గమ్ పైచట్రానికీ కిందిచట్రానికీ మాత్రమే పెట్టండి. పెట్టాక క్షణాల్లో పట్టేస్తుంది కాబట్టి ముందే గమ్ లేకుండా బిగించి, చదునైన నేల మీద మూలమట్టం చూసుకోండి. ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ సమానంగా రావాలి. తేడా ఉంటే తలుపు దగ్గర షీటు ముడతపడి వెలుతురు బయటికి పోతుంది. నిలువులకి గమ్ వద్దు, జాయింటుకో చిన్న స్క్రూ చాలు. మేలో మంచు భయం పోయి మొక్కలు బయటికెళ్లాక విప్పి గోడకి ఆనించేయొచ్చు.

ఇక లైటు. దాన్ని నాలుగడుగుల కమ్మీకి నడిమధ్యన వేలాడదీయొద్దు. పీవీసీ విరగదు గానీ, లైటు వేడికీ బరువుకీ వారాలు గడిచేకొద్దీ కిందికి వంగుతుంది, ఒకసారి వంగితే మళ్లీ తిన్నగా రాదు. రెండడుగుల అడ్డకమ్మీలు రెండు, నిలువులకి దగ్గరగా, పైచట్రం మీద పడుకోబెట్టి జిప్ టైలతో గట్టిగా కట్టండి. లైటు నాలుగు తాళ్లూ వాటికే వెయ్యండి. అప్పుడు బరువు నేరుగా నిలువుల్లోకి దిగుతుంది.

షీటు ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు ఉండే పాలిథీన్ అయితే మేలు. తెలుపు లోపలికి రావాలి. ఫ్యాను గాలిని బయటికి లాగినప్పుడు షీటు లోపలికి పీల్చుకుపోయి ఆకులకి తగులుతుంది. అందుకే షీటుని ఫ్రేమ్ బయటివైపు కట్టి, మూడడుగుల ఎత్తులో పొడుగు గోడలకి ఒక్కో కమ్మీ అదనంగా వెయ్యండి. ఆరో పైపు దీనికే. గాలి లోపలికొచ్చే సందు కింద, ఫ్యాను పైన ఉండాలి.

షీటు పట్టి ఉంచే క్లిప్పులు కొనక్కర్లేదు. అంగుళం పైపు లోపలి కొలత, ముప్పావు పైపు బయటి కొలత దాదాపు ఒకటే. అంగుళం పైపుని నాలుగంగుళాల ముక్కలుగా కోసి, ఒక్కోదాంట్లో పొడుగునా వేలెడు వెడల్పు పట్టీ తీసేయండి. షీటు మీద పెట్టి నొక్కితే టక్కున పట్టుకుంటుంది. అంచులు మాత్రం గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే షీటు చిరుగుతుంది.

కరెంటు విషయంలో రాజీ పడకండి. ప్లగ్ జీఎఫ్‌సీఐ సాకెట్‌లోనే (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే సాకెట్) పెట్టాలి. వైరుని సాకెట్ కన్నా కిందికి జారవిడిచి పైకి తీసుకెళ్తే, వైరు మీద పడ్డ నీళ్లు సాకెట్‌లోకి పోకుండా అక్కడే కారిపోతాయి.

చెక్క బలంగానే ఉంటుంది గానీ లోపలి తేమకి బూజు పడుతుంది, రంగు వేసి తీరాలి. నాలుగడుగులు దాటి పెద్ద టెంట్ కావాలంటే మాత్రం పీవీసీ కాదు, ఎలక్ట్రికల్ వరసలో దొరికే ఈఎంటీ (కరెంటు వైర్లు పోనిచ్చే) స్టీలు గొట్టం తీసుకోండి.